రోజూ బైబిల్ చదువుతున్నా లోపల కోపం పోవడం లేదు, ఏం చేయాలి?

గుంటూరు గుమాస్తా:
అందరికీ వందనాలు. మాది కొత్తపేట. మిర్చి యార్డులో ఒక కమీషన్ షాపులో లెక్కలు రాస్తాను. ఏడాదిలో బైబిల్ మొత్తం పూర్తి చేయాలని జనవరిలో మొదలుపెట్టాను. 1,189 అధ్యాయాలు కదా, రోజుకు మూడు నాలుగు చదివితే సరిపోతుంది. షాపుకు బయల్దేరే ముందు, తెల్లవారుజామునే చదివేస్తున్నాను. యిర్మీయా గ్రంథం దాటాను.

సమస్య ఏంటంటే, నాన్నగారి పొలం అమ్మిన డబ్బులో నా వాటా మా అన్నయ్య ఇంతవరకు ఇవ్వలేదు. ఇద్దరం ఒకే చర్చికి వెళ్తాం. ప్రభు భోజన సంస్కారం ఇచ్చే ఆదివారం ఆయన నాకు ముందు వరసలో మోకరిస్తాడు. నా ధ్యాస రొట్టె మీద ఉండదు, ఆయన చొక్కా మీద ఉంటుంది. అది నా డబ్బుతో కొన్నదేనేమో అనిపిస్తుంది. దేవుని వాక్యం సజీవమైనది, బలముగలది అని హెబ్రీ పత్రికలో ఉంది (4:12). నేను నమ్ముతున్నాను. మరి నా లోపల ఎందుకు పని చేయడం లేదు? ఎవరికైనా నిజంగా మార్పు వచ్చి ఉంటే, ఎలా చదివారో చెప్పండి.

బ్రాడీపేట టీచరమ్మ:
బాబూ, మీ పోస్టు చూశాక జవాబు రాయకుండా ఉండలేకపోయాను. ఆ ప్లాన్ కొన్నాళ్లు పక్కన పెట్టి, మత్తయి 18లో బాకీ పడ్డ దాసుడి కథ దగ్గర ఆగండి. రోజూ అదే చదవండి. నెల పట్టినా సరే.

మా అమ్మ పోయాక ఆమె గొలుసు విషయంలో నాకూ మా అక్కకూ మాటలు ఆగిపోయాయి. అది నాకే అని అమ్మ అందరి ముందూ చెప్పింది, అక్క ఇవ్వలేదు. ఈ కథ నేను సండే స్కూల్ పిల్లలకు ఎన్నోసార్లు చెప్పాను. ఒక ఏడాది లెంట్ రోజుల్లో (ఈస్టర్ ముందు ఉపవాస దినాల్లో) మళ్లీ చదువుతూ పాత నోటు పుస్తకంలో లెక్క వేశాను. మీరు లెక్కల మనిషి, మీరూ వేసి చూడండి. దేనారం ఒక రోజు కూలి. తలాంతు అంటే సుమారు 6,000 దేనారాలు. ఆ దాసుడు రాజుకు బాకీ పడ్డ 10,000 తలాంతులంటే 6 కోట్ల రోజుల కూలి! తరతరాలు కూలి చేసినా తీరదు. రాజు దాన్ని కొట్టేశాడు.

ఇక తోటి దాసుడు వాడికి పడ్డ బాకీ 100 దేనారాలు. ప్రసంగాల్లో దాన్ని చిల్లర డబ్బు అనేస్తుంటారు, నాకది నచ్చదు. వంద రోజుల కూలి పేదవాడికి చిల్లర ఎలా అవుతుంది? మూడు నెలలు ఇల్లు గడుస్తుంది దాంతో. ప్రభువు మనకు రావలసినదాన్ని తీసిపారేసి మాట్లాడలేదు. నాకు ముందుగా ఊరట కలిగింది అక్కడే. నా గొలుసు నిజమే, మీ పొలం డబ్బూ నిజమే. ఆ తర్వాత ఇంకొకటి కనిపించింది. ఇద్దరు దాసులూ ఒకే మాటతో బతిమాలుకుంటారు: “నాయెడల ఓర్చుకొనుము.” రాజు ముందు ఆ మాట అని బయటపడ్డవాడే, అదే మాట తన కాళ్ల దగ్గర వినబడితే అవతలివాణ్ని చెరసాలలో వేయించాడు.

ఆ మాట నా నోట్లో ఉండిపోయింది. కూర కలుపుతున్నా, బస్సులో కూర్చున్నా అదే. పొద్దున ప్రార్థనలో దేవునితో ఆ మాటే అనేదాన్ని. మధ్యాహ్నం అక్క గుర్తొచ్చి కడుపు మండేసరికి అది వచ్చి అడ్డు నిలిచేది.

కోపం వెంటనే పోలేదు. ముందు ఆగింది వాదన. రాత్రి పడుకుని ‘అక్క అలా అంటే నేను ఇలా అంటాను’ అని మనసులో సాగుతుంటుంది చూడండి, అది తగ్గింది. తర్వాత అక్కకు మోకాలి ఆపరేషన్ అని తెలిసినప్పుడు ఏమీ ఆలోచించకుండానే ఫోన్ చేశాను. గొలుసు ఇప్పటికీ అక్క దగ్గరే ఉంది.

మా అమ్మమ్మకు చదువు రాదు. లూథరన్ మిషనరీ హేయర్ గారు 1842లో గుంటూరు వచ్చి మిషన్ పెట్టాక కూడా చాలాకాలం పల్లెల్లో ఆడవాళ్లకు అక్షరాలు అందలేదు. బైబిల్ ఉమన్ (ఇంటింటికీ తిరిగి వాక్యం చెప్పే సోదరి) వచ్చి ఒక వచనం చెబితే, ఆమె మళ్లీ వచ్చేదాకా అమ్మమ్మ అదే అనుకుంటూ నాట్లు వేసేది. ఆమె నోట ఎవరి గురించీ చెడ్డ మాట నేను వినలేదు.

పటమట బ్రదర్:
టీచరమ్మ గారు చెప్పింది బాగుంది కానీ, ప్లాన్ పక్కన పెట్టమనడం నేను ఒప్పుకోను. క్రైస్తవ వేదాంతి అగస్టీను 386లో మిలాన్‌లో ఒక తోటలో రోమా 13:13, 14 చదివి మారిపోయాడని చెప్పుకుంటాం. అంతకు ముందు నుంచే ఆయన బిషప్ ఆంబ్రోసు ప్రసంగాలు వింటున్నాడు, పౌలు పత్రికలు చదువుతున్నాడు. ఏ వచనం ఎప్పుడు పట్టుకుంటుందో మనకు తెలియదు, కాబట్టి రోజూ చదివేది చదవండి.

ఇంకో విషయం. క్షమించడమంటే వాటా వదులుకోవడమే అని ఎవరైనా చెబితే కంగారుపడకండి. టీచరమ్మ గారు చెప్పిన మత్తయి 18లోనే 15 నుంచి 17 వరకు చూడండి. ముందు ఒంటరిగా మాట్లాడాలి, వినకపోతే ఒకరిద్దరిని వెంటబెట్టుకుని వెళ్లాలి, అప్పటికీ వినకపోతే సంఘానికి చెప్పాలి. మీరు అన్నగారితో ఒంటరిగా మాట్లాడారా? పోస్టులో ఆ సంగతి లేదు.

గుంటూరు గుమాస్తా:
ఇంకా లేదు బ్రదర్. బాబాయి చేత అడిగించాను. యార్డు సెలవు రోజున వెళ్దామనుకుంటున్నాను, కానీ ఇప్పటి నుంచే టెన్షన్‌గా ఉంది. 6 కోట్ల లెక్క నేనూ వేశాను టీచరమ్మ గారూ. షాపులో ఏ ఖాతాలోనూ అలాంటి అంకె చూడలేదు. కథ 23వ వచనం నుంచి చదవాలా?

బ్రాడీపేట టీచరమ్మ:
21 నుంచి చదవండి బాబూ. పేతురు అడిగింది కూడా సహోదరుని గురించే. చివరి వచనం కష్టంగా ఉంటుంది, అయినా 35 దాకా ఆపకండి. అన్నయ్య దగ్గరికి ఏ రోజు వెళ్తున్నారో ఇక్కడ రాయండి. మా స్త్రీల ప్రార్థన కూటంలో మీ పేరు బయటపెట్టకుండా ప్రార్థన చేయిస్తాను.