సీసం హాని నుంచి పునరుత్పత్తి అవయవాలను ఆహారం కాపాడగలదా?

ప్రశ్న (గాజువాక నుంచి):
మా వారు ఆటోనగర్‌లో పాత సీసపు బ్యాటరీలు విప్పి బాగుచేస్తారు. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి చొక్కా మడతల్లో బూడిదరంగు పొడి కనిపిస్తుంది. పిల్లల కోసం ఎదురుచూస్తున్నాం. పసుపు, ఉసిరి ఎక్కువగా తీసుకుంటే సీసం చేసే హాని తగ్గుతుందా?

జవాబు 1:
అమ్మా, సీసం, కాడ్మియం అనే మరో విషలోహం వృషణాల్లో ఆక్సీకరణ ఒత్తిడిని (కణాలను దెబ్బతీసే చురుకైన ఆక్సిజన్ అణువులు పేరుకుపోవడాన్ని) పెంచి వీర్యకణాలను దెబ్బతీస్తాయి. ఉల్లిలోని క్వెర్సెటిన్, పసుపులోని కర్క్యుమిన్, విటమిన్ సి, ఇ, సెలీనియం ఆ హానిని తగ్గించినట్లు ఎలుకలపై చేసిన ప్రయోగాల్లో కనిపించింది గానీ, అక్కడ ఇచ్చిన మోతాదులు మన కూరలో పడే చిటికెడు పసుపుతో పోల్చదగినవి కావు. నా దృష్టిలో అంతకంటే ముఖ్యమైన విషయం మరొకటుంది: ఇనుము, కాల్షియం తక్కువైన శరీరం సీసాన్ని ఎక్కువగా గ్రహిస్తుంది కనుక, చోడి (రాగి) అంబలి, పెరుగు, ఆకుకూరలు రోజూ ఉండేలా చూడండి. ఖాళీ కడుపుతో పనికి పంపకండి.

జవాబు 2:
పసుపు విషయంలో ఒక హెచ్చరిక. మెరుపు కోసం కొమ్ములకు లెడ్ క్రోమేట్ అనే పసుపురంగు రసాయనం పూసే కల్తీ ఉంది, అందులో ఉన్నదీ సీసమే.

జవాబు 3:
ముందుగా రక్తంలో సీసం ఎంతుందో పరీక్ష చేయించండి, మీరు కూడా చేయించుకోండి, ఎందుకంటే గర్భిణి రక్తంలోని సీసం మాయను దాటి బిడ్డకు చేరుతుంది. ఆయన పని బట్టలు అక్కడే మార్చుకుని, స్నానం చేసి రావాలి. వీర్యకణాల తయారీకి సుమారు 74 రోజులు పడుతుంది కాబట్టి, జాగ్రత్తలు మొదలుపెట్టిన మూడు నెలల తరువాత వీర్యపరీక్ష చేయిస్తే మార్పు తెలుస్తుంది.