తేలియా రుమాలు మీద ప్రాజెక్టు: ఇది కెమిస్ట్రీనా, చరిత్రనా?

నమస్తే అండి. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ ఆఖరి సెమిస్టర్‌లో ఉన్నాను. 2020లో జీఐ (భౌగోళిక గుర్తింపు) వచ్చిన తెలంగాణలోని పుట్టపాక తేలియా రుమాలు అనే చేనేత వస్త్రం తెలుసు కదా, దాని నూలు మీదే నా ప్రాజెక్టు. నూలును నూనెలో, ఆముదపు కాయల బూడిద నీళ్లలో రోజుల తరబడి నానబెట్టి ఆరబెడతారు. బూడిదలో నీళ్లు పోసి వడగడితే వచ్చే తేట చేతికి సబ్బులా జారుతుంది, అంటే క్షారం. నూనె కలిపి గిలక్కొడితే పాలలా తెల్లబడుతుంది. అలా నానిన నూలుకే అలిజరిన్ అనే రంగు ఎరుపు బాగా పడుతుంది.

చిక్కల్లా ఒకటే. మా గైడ్ గారు "ఇందులో సగం చరిత్రే, కెమిస్ట్రీ ఎక్కడ?" అంటున్నారు. చరిత్ర విభాగంలో అడిగితే ల్యాబ్ పని మాకెందుకన్నారు. (ఇద్దరూ మంచివాళ్లే, మధ్యలో నలుగుతున్నది నేనే.)

కాయల బూడిద ప్రతిసారీ ఒకే గాఢతలో ఉండదు. అలాంటప్పుడు టైట్రేషన్ (ద్రావణం గాఢత కొలిచే పరీక్ష) ఫలితాలను ఎలా పోల్చాలి? నేతపనివాళ్లు వేళ్లతో రుద్ది చూసి చెప్పే మాటను థీసిస్‌లో ఆధారంగా రాయవచ్చా? ఇలా రెండు శాఖల మధ్య ప్రాజెక్టు చేసినవాళ్లు ఉంటే కాస్త చెప్పండి. సినాప్సిస్ (ప్రాజెక్టు సారాంశం) ఇవ్వడానికి పది రోజులే ఉంది, టెన్షన్‌గా ఉంది.