ఆన్సర్ బుక్‌లెట్‌లో 'శ్రీ' రాసేశాను, మాల్‌ప్రాక్టీస్ అవుతుందా?

బీటెక్ రెండో సంవత్సరం నాది. నిన్న మ్యాథ్స్ సెమిస్టర్ పరీక్షలో టెన్షన్‌తో మొదటి పేజీ పైన చిన్నగా 'శ్రీ' రాసేశాను. పలక మీద అమ్మమ్మ దిద్దించిన అలవాటు, చెయ్యి దానంతటదే పోయింది. బయటికొచ్చాక ఫ్రెండ్ చెప్పాడు, లోపల హాల్‌టికెట్ నంబరు, దేవుడి గుర్తులు ఏవీ రాయకూడదని కవర్ మీదే ఉందట. ఓఎంఆర్ గళ్లు దిద్దే హడావుడిలో నేను చదవలేదు. దిద్దేవాళ్లకి మనమెవరో తెలియకూడదనే కదా ఆ బార్‌కోడ్ అంతా!

ఇప్పుడు ఎగ్జామ్ బ్రాంచ్‌కి నేనే వెళ్లి లెటర్ ఇవ్వాలా, ఊరుకోవడమే మంచిదా? ఆ ఒక్క పేపరే పోతుందా, సెమిస్టర్ మొత్తం రద్దు చేస్తారా? ఇలా జరిగినవాళ్లుంటే చెప్పండి అన్నా, అక్కా. ఎల్లుండి ఫిజిక్స్ ఉంది, పుస్తకం తెరిస్తే ఆ అక్షరమే కనిపిస్తోంది.