విశాఖ గాలిలో బీటిల్ తెల్లబారింది: మోడల్ కార్లకు రంగు ఎప్పుడు, ఎలా వేయాలి?

ప్రశ్న: లాసన్స్ బే కాలనీ నుంచి (నవంబరు 6)

నమస్కారమండి. మూడేళ్లుగా 1/24 స్కేలులో, అంటే అసలు కారు కొలతల్లో ఇరవై నాలుగో వంతుతో, ప్లాస్టిక్ మోడల్ కార్లు చేస్తున్నాను. మా ఇల్లు సముద్రానికి ఎదురుగా, మూడో అంతస్తులో ఉంది. మొన్న సెప్టెంబరులో టమియా వారి 1966 నాటి ఫోక్స్‌వాగన్ బీటిల్ కిట్టుకు రంగు వేశాను. బాడీని గిన్నెలు తోమే సబ్బు నీళ్లతో కడిగి, ఆరబెట్టి, ప్రైమర్ (రంగుకు ముందు వేసే అడుగు పూత) కొట్టి, 1500 నంబరు వాటర్ పేపర్‌తో తడిపి రుద్ది, ముదురు నీలం లాకర్ (త్వరగా ఆరి మెరిసే రంగు) స్ప్రే మూడు పూతలు కొట్టాను. మూడో పూత పడిన క్షణంలో అది అద్దంలా మెరిసింది. చేతులు కడుక్కుని పది నిమిషాల తరువాత వచ్చి చూసేసరికి బానెట్టు మీద, పైకప్పు మీద పల్చటి పాలు ఒలికినట్టు తెల్లటి మసక పరచుకుని ఉంది. మడ్‌గార్డుల లోపలి వంపుల్లో మాత్రం నీలం నీలంగానే ఉంది. గుడ్డతో తుడిస్తే మసక పోలేదు. మర్నాడు దాని మీదే నాలుగో పూత కొడితే ఇంకా చిక్కబడింది.

ఇంకో కిట్టు తెప్పించుకోవడం తేలిక కాదని మీకు తెలుసు. స్కేల్ మోడళ్లు బొమ్మలతోపాటే ఒకే కస్టమ్స్ పద్దు కింద వస్తాయి. ఆ పద్దు మీద సుంకం 2020 బడ్జెట్‌లో 20 శాతం నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెరిగింది. అందువల్ల ఈ బాడీనే ఎలాగైనా దక్కించుకోవాలి.

అసలు ఈ బీటిల్ నాకు ఒక సాధన మాత్రమే. మా నాన్నగారు విశాఖ రైల్వే స్టేషన్ దగ్గర తెల్ల అంబాసిడర్‌ను ఇరవై రెండేళ్లు బాడుగకు నడిపారు. దానిని 1/24లో చేసి ఆయన చేతికి ఇవ్వాలని నా కోరిక. ఆ స్కేలులో అంబాసిడర్ కిట్టు నాకు ఎక్కడా దొరకలేదు కాబట్టి సొంతంగా చేయాల్సిందే. గుండ్రటి ఒళ్లున్న కారుకు రంగు వేయడం ముందు దీని మీద నేర్చుకుందామనుకున్నాను.

ఈ మసక ఎందుకు వచ్చింది, దీనిని ఎలా పోగొట్టాలి, మన ఊళ్లో అసలు ఏ కాలంలో రంగు వేయాలి? మరొక సంగతి కూడా ఉంది. మా అద్దాల బీరువాలో ఉన్న పాత 1/43 డై కాస్ట్ (లోహంతో పోతపోసిన) కార్లు రెండింటికి రంగు కింద చిన్న చిన్న పొక్కులు లేచాయి. తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు 1: గాజువాక నుంచి

తప్పు మీ రంగుది కాదండి, ప్రైమరుది కూడా కాదు. నేను చాలా ఏళ్లు పెద్ద కార్లకు రంగు వేసే షెడ్డులో పనిచేశాను. వానాకాలంలో లాకర్ ఇలా తెల్లబారడం మాకు అలవాటైన బాధే.

మీ అరచేతి వెనక ఒక చుక్క స్పిరిట్ వేసుకుని ఊదండి, చల్లగా తగులుతుంది. లాకర్‌ను పలుచన చేసే థిన్నర్ ఆవిరైపోతూ బాడీ పైభాగంలోని వేడిని కూడా అలాగే తీసుకుపోతుంది. గాలి 30 డిగ్రీల వేడితో, 80 శాతం తేమతో ఉందనుకోండి. ఏ ఉపరితలమైనా సుమారు 26 డిగ్రీలకు చల్లబడితే చాలు, దాని మీద నీరు పడుతుంది. అంటే మీకున్న అవకాశం నాలుగు డిగ్రీలే. ఆ నీరు ఇంకా ఆరని రంగు పొరలో చిక్కుకుని తెల్లగా కనిపిస్తుంది. అదే 30 డిగ్రీల దగ్గర తేమ 60 శాతమే ఉంటే, దాదాపు 21 డిగ్రీల దాకా చల్లబడితే గానీ నీరు పట్టదు. బానెట్టు మీద, పైకప్పు మీద పూత దట్టంగా పడింది కాబట్టి థిన్నర్ ఎక్కువ, చల్లదనం ఎక్కువ, మసక ఎక్కువ. లోపలి వంపుల్లో పూత పల్చగా పడి బతికిపోయింది. నాలుగో పూత వల్ల మసక పెరగడానికి కారణం కూడా ఇదే.

దక్కించుకునే దారి చెబుతాను. మోడళ్ల రంగుల కోసం అమ్మే లాకర్ థిన్నర్‌లో రిటార్డర్ కలిసినది ఒకటి దొరుకుతుంది, అది నిదానంగా ఆవిరవుతుంది. పొడిగా ఉన్న రోజు చూసుకుని, దానిని ఎయిర్ బ్రష్‌తో (కంప్రెసర్ గాలితో రంగు చల్లే చిన్న పనిముట్టు) మంచు పడినట్టు పల్చగా కొట్టండి. పై పొర మళ్లీ కాస్త మెత్తబడి, లోపలి నీటిని విడిచిపెట్టి, నిదానంగా గట్టిపడుతుంది. పెయింటు కొట్టులో డబ్బాలతో అమ్మే ఎన్.సి. థిన్నర్‌ను మాత్రం దీనికి వాడకండి, అది కిట్టు ప్లాస్టిక్ అయిన పాలిస్టైరీన్‌ను తినేస్తుంది. మసక పైపైనే ఉంటే 2000 నంబరు వాటర్ పేపర్‌తో రుద్ది, కాంపౌండ్ (మెరుగు పెట్టే ముద్ద) పెట్టి మెరుగు దిద్దినా పోతుంది. ముందు డిక్కీ అడుగున, కనిపించని చోట ప్రయత్నించి చూడండి. దేనికీ లొంగకపోతే బాడీని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ఒక రాత్రి నానబెట్టి, పాత టూత్ బ్రష్‌తో రంగు మొత్తం తీసేసి మళ్లీ మొదలుపెట్టవచ్చు.

ఇక కాలం సంగతి. తేమ కొలిచే చిన్న మీటరు ఒకటి కొని, రంగు వేసే బల్ల మీదే పెట్టుకోండి. ఈ హాబీలో మీరు పెట్టే ఖర్చులన్నింటిలో అదే చవకైనది, అదే ముఖ్యమైనది. మా ఇంట్లో డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా, పొద్దున పదిన్నరకూ పన్నెండుకూ మధ్య అంకె అన్నిటికంటే అనుకూలంగా ఉంటుంది. తెల్లవారుజాము చల్లదనం పోయి ఉంటుంది, సముద్రం మీది గాలి ఇంకా జోరుగా తిరిగి ఉండదు. అరవై అయిదు దాటితే నేను నిగనిగలాడే రంగు జోలికి వెళ్లను. జూలై నుంచి నవంబరు దాకా సీట్లు, డాష్‌బోర్డు, ఛాసిస్, ఇంజను పనులు పెట్టుకోండి. వాటి మీద పడేది మెరుపు లేని రంగు కాబట్టి కొద్దిపాటి మసక వచ్చినా కంటికి ఆనదు.

జవాబు 2: ఎం.వి.పి. కాలనీ నుంచి

గాజువాక మిత్రులు చెప్పిన కారణం సరైనదే. కానీ ఏడాదిలో మూడు నెలలే రంగు వేయాలన్న మాటతో నేను ఏకీభవించను. లాకర్‌ను వదిలి నీటితో పలుచన చేసే యాక్రిలిక్ రంగులకు మారితే తేమ వల్ల ఆరడం ఆలస్యమవుతుందే తప్ప ఇలా తెల్లబారదు. నేను స్పెయిన్‌లో తయారయ్యే వాలెహో రంగులను ఎయిర్ బ్రష్‌తో వాడుతున్నాను. ఆగస్టులో కూడా పని ఆగలేదు. కంప్రెసర్‌కు తేమను పట్టే ఫిల్టరు తప్పనిసరిగా పెట్టుకోండి, లేకపోతే గొట్టంలో చేరిన నీటి చుక్క సరిగ్గా బానెట్టు మధ్యలో పడుతుంది. యాక్రిలిక్ పొర లాకర్ అంత గట్టిది కాదు, రుద్ది మెరుగు పెట్టడానికి అంతగా ఒప్పుకోదు. ఆ లోటును నేను ఒప్పుకుంటాను.

ఏసీ గదిలో స్ప్రే డబ్బా వాడవచ్చా అని చాలామంది అడుగుతుంటారు. ఏసీ తేమను తీసేస్తుంది, నిజమే. కానీ తలుపులు మూసిన గదిలో ఆ ఆవిరి ఊపిరితిత్తులకు హాని చేస్తుంది, పైగా నిప్పంటుకునే గుణమున్నది. బాడీని మాత్రం ఏసీ గదిలో గంటసేపు ఉంచి, గాలి బయటికి పోయే ఏర్పాటున్న చోట, ఆవిరిని ఆపే మాస్కు పెట్టుకుని రంగు కొట్టండి.

జవాబు 1, మళ్లీ

బాడీని ఏసీలో చల్లబరచి బయటికి తేవడం మాత్రం వద్దండి. చల్లటి సోడా సీసా బయట పెడితే చెమర్చినట్టే దానికీ నీరు పడుతుంది. చల్లబరచడం కాదు, గోరువెచ్చగా ఉంచడం మేలు. నేను చెక్క పెట్టెలో 40 వాట్ల పాత బల్బు ఒకటి వెలిగించి, థర్మామీటరు 45 డిగ్రీలు దాటకుండా చూసుకుంటూ, రంగుకు ముందూ తరువాతా బాడీని అందులోనే ఉంచుతాను.

జవాబు 2, మళ్లీ

నిజమే, అది నా పొరపాటు. సవరించుకుంటున్నాను.

జవాబు 3: సీతమ్మధార నుంచి

నేను మోడళ్లు చేయను, సేకరిస్తాను. అందువల్ల మీ 1/43 కార్ల గురించి మాత్రమే రాస్తున్నాను.

డై కాస్ట్ కార్లను పోతపోసే లోహం జింకు. అందులో అల్యూమినియం, మెగ్నీషియం, రాగి కలుపుతారు. ఈ నాలుగింటి జర్మన్ పేర్ల నుంచి వచ్చినదే జమాక్ అనే మాట. పోత పోసేటప్పుడు దానిలో కొంచెం సీసం కలిసినా, ఏళ్లు గడిచాక లోహం లోపలి రేణువుల మధ్య తుప్పు మొదలై, కారు ఉబ్బి, పగిలి, చివరికి చేతిలో పొడి అవుతుంది. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు లివర్‌పూల్‌లో తయారైన డింకీ కంపెనీ బొమ్మ కార్లు ఎన్నో ఇలాగే పోయాయి. తేమ ఈ జబ్బుకు తోడ్పడుతుంది. దీనికి మందు లేదు, కానీ ఒక కారు నుంచి మరొక కారుకు అంటుకోదు.

అయితే మీవి ఆ జబ్బువే అని ఇప్పుడే దిగులు పడకండి. భూతద్దం పెట్టి చూడండి. తలుపులు బిగుసుకుపోవడం, అడుగు పలక వంగడం, సన్నటి గీతలా పగుళ్లు కనిపించడం జరిగితే అది లోపలి జబ్బు. ఇవేవీ లేకుండా పొక్కు కింద తెల్లటి పొడి మాత్రమే ఉంటే అది ఉప్పుగాలి వల్ల పైన పట్టిన తుప్పు. ఆ రంగు తీసి, శుభ్రం చేసి, మళ్లీ వేసుకోవచ్చు.

నా దగ్గర నిక్కీ టాయ్స్ వారి కారు ఒకటి ఉంది. డింకీ వారి అచ్చులు కలకత్తా చేరాక అక్కడ పోతపోసిన కార్లకు ఆ పేరు పెట్టారు. మా నాన్నగారు నాకు ఐదేళ్లప్పుడు దానిని తెచ్చి ఇచ్చారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు కిటికీ అద్దాలు పగిలి, బీరువా పడి, ఉప్పునీళ్లు గదంతా కొట్టాయి. చీకట్లో చేత్తో తడిమి మొదట దానినే తీశాను. కరెంటు వచ్చేదాకా ఆగకుండా అన్నిటినీ మంచినీళ్లతో కడిగి, తుడిచి, బియ్యం డబ్బాలో పెట్టాను. ఆ రోజు కడిగినవన్నీ ఈనాటికీ బాగున్నాయి. తరువాత చూద్దామని పక్కన పెట్టిన ఆరింటికి మీరు చెప్పిన పొక్కులే లేచాయి.

బీరువాలో రంగు మారే సిలికా జెల్ పెట్టి, రంగు మారినప్పుడల్లా వేడి చేసి మళ్లీ వాడుకోండి. టైర్లు యాక్రిలిక్ పలకకు నేరుగా ఆనకుండా కారును చిన్న దిమ్మల మీద ఎత్తి ఉంచండి. టైర్లను మెత్తగా ఉంచడానికి కలిపే ప్లాస్టిసైజర్ నెమ్మదిగా బయటికి వచ్చి పలకను కరిగిస్తుంది.

జవాబు 4: అనకాపల్లి నుంచి

అంబాసిడర్ మాట చదివి ఆగలేకపోయాను. 1957లో మొదలై, 2014 మేలో ఉత్తరపాడా కర్మాగారం ఆగిపోయేదాకా ఆ కారు ఆకారం పెద్దగా మారలేదు. అది ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ నుంచి వచ్చింది కాబట్టి, ఆ కారు పాత నమూనా చిత్రాలు కూడా మీకు పనికొస్తాయి.

లెక్కను వీల్‌బేస్ నుంచి, అంటే ముందు వెనక చక్రాల నడిమి దూరం నుంచి, మొదలుపెట్టండి. అసలు కారుకు అది 2,464 మి.మీ. 24తో భాగిస్తే 102.7 మి.మీ. వస్తుంది. బజారులో వెనక్కి లాగి వదిలే ప్లాస్టిక్ అంబాసిడర్ బొమ్మ దొరికితే ముందు చక్రం నడిమి నుంచి వెనక చక్రం నడిమికి కొలవండి. 77 మి.మీ. వస్తే అది 1/32 అన్నమాట. దానిని 1/24కు సాగదీయలేం గాని, బానెట్టు ఎక్కడ ఉబ్బుతుందో, వెనక మడ్‌గార్డు ఎక్కడ దిగుతుందో చేత్తో తడిమి తెలుసుకోవచ్చు. తెలుపు రంగు వేయబోతున్నారు కాబట్టి మీకొక సౌకర్యం ఉంది, ఒక ప్రమాదం కూడా ఉంది. తెలుపులో ఈ మసక కనబడదు, మెరుపు మాత్రం చస్తుంది. అందుకే ప్రతి పూత తరువాత ట్యూబులైటు వెలుగును బానెట్టు మీద పడనిచ్చి, ఆ గీత అంచులు పదునుగా ఉన్నాయా లేదా చూడాలి.

చక్రాల కోసం నేను ఏటికొప్పాక వెళ్లాను. వరాహ నది ఒడ్డున ఉన్న ఆ ఊరి లక్క బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చిన సంగతి మీకు తెలిసే ఉంటుంది. అంబాసిడర్ పాత 5.90-15 టైరు ఎత్తు 1/24లో దాదాపు 27 మి.మీ. ఉంటుందని కాగితం మీద గీసి ఇచ్చాను. అంకుడు కర్ర ముక్కను తరిమెన మీద తిప్పుతూ, ఆ పనివారు నల్ల లక్క కడ్డీని దానికి ఆనించి నొక్కారు. రాపిడి వేడికే లక్క కరిగి కర్రకు పట్టింది, తరువాత మొగలి ఆకుతో అదిమితే మెరుపు వచ్చింది. బయట ముసురు పట్టి ఉన్నా ఆ మెరుపు తగ్గలేదు. అందులో ఆవిరయ్యే థిన్నర్ లేదు కదా, చల్లబడేదీ లేదు, నీరు పట్టేదీ లేదు.

ప్రశ్న అడిగినవారు (జనవరి 11)

అందరికీ కృతజ్ఞతలు. మీటరు కొన్నాను. నవంబరంతా మా గదిలో అది 74 కంటే దిగలేదు. ఈ రోజు పొద్దున పదకొండు గంటలకు 58 చూపించింది. బీటిల్‌ను బల్బు పెట్టెలో గంటసేపు ఉంచి, రిటార్డర్ థిన్నర్‌ను రెండుసార్లు పల్చగా కొట్టాను. పైకప్పు మీది మసక నా కళ్ల ముందే, అద్దం మీది ఊపిరి ఆవిరి పోయినట్టు అంచుల నుంచి లోపలికి తగ్గుతూ పోయింది. బానెట్టు మీద నాలుగు పూతలు పడినచోట రూపాయి బిళ్లంత మచ్చ మిగిలింది. వారం ఆరనిచ్చి దానిని కాంపౌండ్‌తో తీస్తాను.

1/43 కార్లలో ఒకదానికి పైతుప్పే అని తేలింది. రెండోదాని అడుగు పలక వంగింది. దానిని విడిగా పెట్టాను.

నిన్న ఏటికొప్పాక వెళ్లి వచ్చాను. నాలుగు చక్రాలు చాలని నేను అంటే, మా నాన్నగారు పక్కనే ఉండి స్టెప్నీ లేకుండా బండి ఎలా తీస్తావని అడిగారు. ఐదు చెప్పి వచ్చాం.