కడప–రాయచోటి డ్యూటీకి క్రూయిజర్ బండి పనికొస్తుందా అన్నా?

అన్నలూ, నాకు రాయల్ ఎన్‌ఫీల్డ్ వాళ్ల క్రూయిజర్ బైకు మీటియర్ 350 మీద మనసు పడింది. షోరూంలో కూర్చుని చూసినా, సీటు ఎత్తు 765 మిల్లీమీటర్లే కాబట్టి రెండు పాదాలూ నేల మీద నిండుగా ఆనినాయి, నడుము మీద భారమే లేదు, చాలా నచ్చింది. కానీ అది నిలబెట్టిన బండి కదా. నేను దాదాపు రోజూ కడప నుంచి రాయచోటికి పోవాల, గువ్వలచెరువు ఘాట్ మలుపుల్లో లారీల వెనక 191 కేజీల బండిని సెకండ్ గేర్‌లో లాక్కుంటా పోవడం ఎట్లుంటాది?

క్రూయిజర్‌కు కాళ్లు ముందరికి ఉంటాయి కాబట్టి గుంత వచ్చినప్పుడు లేచి నిలబడడం కష్టం, దెబ్బంతా వెన్నుకే అని మా బావ అంటాడు, ఆయన చానా రోజులు బజాజ్ అవెంజర్, అదీ క్రూయిజరే, నడిపినోడు, ఆ మాట కొట్టిపారేయలేను. ఇంకోటి ఎండ. రేడియేటర్ లేని ఇంజన్, మే నెలలో కడప ఏడు రోడ్ల కూడలి దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే కాళ్లకు సెగ ఎంత కొడుతుంది?

అప్పుడప్పుడూ వెనక మా అమ్మ కూడా ఎక్కుతుంది, ఒకవైపే కాళ్లేసుకుని కూర్చుంటాది, మోకాళ్ల నొప్పులు. నాకెంత సుఖంగా ఉన్నా ఆమెకు ఇబ్బందయితే మాత్రం వద్దు. ఘాట్ మీద క్రూయిజర్ నడిపేవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండన్నా, ఈ నెలాఖరుకు బుక్ చేయాలనుకుంటున్నా.