ఇంటికి ఒకే పనిముట్టు: స్విస్ నైఫా, ప్లయర్ ఉన్న మల్టీ టూలా?

కొత్తకాపురం
ఇంట్లో ఒకే ఒక్క పనిముట్టు ఉంచుకుందామని ఆలోచన. రెండింటి దగ్గర ఆగాను. ఒకటి విక్టోరినాక్స్ క్లైంబర్: 91 మి.మీ., సుమారు 80 గ్రాములు, కత్తెర ఉంది, ప్లయర్ లేదు. రెండోది లెదర్‌మన్ వేవ్ ప్లస్: మడిస్తే 10 సెం.మీ., సుమారు 240 గ్రాములు, ప్లయర్ ఉంది. పనులు ఇవీ: కొరియర్ పెట్టెలు, బియ్యం బస్తాలు, కుక్కర్ పిడి, కుళాయిలు, ప్లగ్గులు, బండి. ఏది కొనాలో కారణంతో సహా చెప్పండి.

బండి_పెట్టె
ప్లయర్ ఉన్నదే కొనండి. కోయడానికి ప్రతి వంటింట్లో కత్తి ఉంటుంది. పట్టి లాగడానికి, బిగిసిపోయినదాన్ని తిప్పడానికి ఏముంటుంది? అసలు ఆ పనిముట్టు పుట్టిందే ఆ ఇబ్బందిలోంచి. 1975లో టిమ్ లెదర్‌మన్ పాత ఫియట్ కారులో యూరప్ తిరుగుతుంటే కారు మొరాయించేది, బస చేసిన చోట్ల కుళాయిలు, పైపులు కారేవి. జేబులో కత్తి ఉంది, ప్లయర్ లేదు. 1983లో కంపెనీ పెట్టాడు.

మీ జాబితాలోవే చూద్దాం. బోరు నీళ్లున్న చోట కుళాయి ధార సన్నబడితే ముందు అనుమానించాల్సింది మూతి దగ్గరి జాలీని. దాని చుట్టూ గుడ్డ చుట్టి, ప్లయర్‌తో పట్టుకుని, కింది నుంచి చూస్తే గడియారం ముల్లుకు ఎదురుదిశలో తిప్పాలి. ఊడాక వెనిగర్‌లో ఒక గంట నానబెట్టి పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే తెల్ల పెచ్చు పోతుంది. గుడ్డ లేకుండా పడితే పూత మీద పళ్ల గాట్లు పడతాయి.

బండికైతే, ఫ్యూజ్ తీయడానికి ప్లయర్ ముక్కు సరిగ్గా సరిపోతుంది. తాళం ఆపి నేరుగా పైకి లాగాలి, అదే ఆంపియర్ ఫ్యూజే తిరిగి పెట్టాలి. క్లచ్ లీవర్ దగ్గరి అడ్జస్టర్ తుప్పుతో బిగిస్తే వేళ్లకు లొంగదు. ప్లయర్‌తో కదిపి వదులుచేసి, లీవర్ కొసన 10 నుంచి 20 మి.మీ. ఆట ఉండేలా పెట్టుకోవాలి. కచ్చితమైన కొలత బండి పుస్తకంలో ఉంటుంది.

సానరాయి
బండి_పెట్టె గారూ, మీరు చెప్పినవి నెలకోసారో ఏడాదికోసారో వచ్చే పనులు. పెట్టె విప్పడం, పాల ప్యాకెట్ మూల కత్తిరించడం, మందుల స్ట్రిప్ ముక్క చేయడం, బట్టల మీది ట్యాగు తీయడం రోజూ ఉండేవి. వాటిలో సగం కత్తెర పనే. వేవ్‌లోనూ కత్తెర ఉంది, కానీ చిన్నది. విక్టోరినాక్స్ కత్తెర దళసరి బట్టనూ తెంపుతుంది.

అయితే కొత్తకాపురం గారికి ఒక దిద్దుబాటు. క్లైంబర్‌లో వెనకవైపు ఉండేది వైన్ సీసా బిరడా తీసే మెలి. మన ఇళ్లలో దానికి పని తక్కువ. బిగిసిన ముడులు వదులుచేయడానికి వాడుకోవచ్చు, అంతే. అదే సైజులో సూపర్ టింకర్ అనే మోడల్ ఉంది. కత్తెర అలాగే ఉండి, మెలి స్థానంలో స్టార్ స్క్రూడ్రైవర్ వస్తుంది. కుక్కర్ పిడి స్క్రూ చాలావాటికి స్టార్ తలే. అది ఆవిరికీ వేడికీ మెల్లగా వదులవుతుంటుంది. స్టార్ తలను ఫ్లాట్ మొనతో తిప్పితే గాడి అరిగి, ఆ తర్వాత సరైన స్క్రూడ్రైవర్ పెట్టినా జారుతుంది.

బియ్యం బస్తా గురించి కూడా చెప్పాలి. అందరూ కుట్టు మీద అడ్డంగా కోసి సంచి పాడుచేస్తారు. మిషను కుట్టు ఒకవైపు సాదా గీతలా, రెండోవైపు గొలుసులా ఉంటుంది. కుట్టు ముగిసిన కొసన దారం తెంపి, బ్లేడు మొనతో ముడిని వదులుచేసి లాగితే మొత్తం జరజరా ఊడివస్తుంది. మొదలైన కొసన లాగితే బిగుస్తుంది. అలా బిగిస్తే రెండో కొసకు వెళ్లండి. దీనికి బ్లేడు మొన చాలు, పదును అక్కర్లేదు.

స్విస్ నైఫ్ వెనక ఉండే దబ్బనం లాంటి మొనకు చాలా మోడళ్లలో కన్ను కూడా ఉంటుంది. తెగిన స్కూలు బ్యాగు పట్టీని నైలాన్ దారంతో దానితోనే కుట్టుకోవచ్చు. బెల్టుకు రంధ్రం వేసేటప్పుడు మాత్రం నిటారుగా నొక్కి తిప్పాలి. పక్కకు వాల్చి నొక్కితే అది మడుచుకుని వేలి మీద పడుతుంది, ఎందుకంటే దానికి లాక్ లేదు. గ్యాస్ బర్నర్ రంధ్రాల్లో దాన్ని దూర్చకండి. ఇత్తడి మెత్తన, రంధ్రం వెడల్పయితే మంట సరిగ్గా రాదు. సన్నని గుండుసూది వాడాలి.

బండి_పెట్టె
సూపర్ టింకర్ మాట ఒప్పుకుంటాను. కానీ స్క్రూ లోతైన గుంటలో ఉంటే వెనకవైపు స్టార్ మొన అందదు. కత్తి శరీరమే పిడి అంచుకు తగులుతుంది.

వైరింగ్_పని
అదే సమస్య వేవ్‌లోని స్క్రూడ్రైవర్ బిట్‌కూ ఉంది, దాని ఒళ్లు ఇంకా వెడల్పు. లోతు గుంటలకు సాదా పొడుగు స్క్రూడ్రైవరే కావాలి. ఇద్దరూ దాటేసిన అసలు విషయం ప్లగ్గులు. ఈ రెండింటి పిడులూ కరెంటుకు రక్షణ ఇవ్వవు. వేవ్ అయితే పూర్తిగా లోహం. విక్టోరినాక్స్ ఎర్ర పిడి ప్లాస్టిక్కే అయినా మధ్యలో స్ప్రింగు, పొరలు అన్నీ బయటికే ఉంటాయి, అరచేయి వాటికి తగులుతుంది. స్విచ్‌బోర్డు విప్పితే మెయిన్ ఆపాలి, టెస్టర్‌తో చూడాలి, ఆ తర్వాతే స్క్రూ. స్విచ్ ఆపితే చాలదు, ఎందుకంటే ఫేజ్ (కరెంటు వచ్చే తీగ) మీద కాకుండా న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే తీగ) మీద స్విచ్ వేసిన పాత ఇళ్లు ఇంకా ఉన్నాయి. అక్కడ స్విచ్ ఆపినా సాకెట్లో ఫేజ్ ఉంటుంది.

గోడకు తగిలించని మూడు పిన్నుల ప్లగ్గు మార్చడానికి మాత్రం ఏదైనా సరే. పైతొడుగు సుమారు 3 సెం.మీ. ఒలిచి, ఆకుపచ్చ తీగను (ఎర్త్) మిగతా రెంటికన్నా కాస్త పొడుగ్గా ఉంచి పెద్ద పిన్నుకు బిగించండి. వైరు లాగబడితే ఎర్త్ చివరగా ఊడాలి. తొడుగును బ్లేడుతో గుండ్రంగా కోసేటప్పుడు నొక్కకూడదు. లోపలి సన్నని రాగి పోగుల్లో నాలుగు తెగినా మిగతావాటి మీద భారం పడి, గీజర్, ఇస్త్రీపెట్టె లాంటివాటికి ప్లగ్గు వేడెక్కి గోధుమరంగుకు మారుతుంది. గీత మాత్రం పెట్టి, వైరును ఆ గీత దగ్గర వంచితే తొడుగు దానంతట అదే చీలుతుంది. చివర కేబుల్ పట్టీ పైతొడుగు మీదే బిగియాలి, లోపలి తీగల మీద కాదు.

అందుకే నా ఓటు రెంటికీ కాదు. ముందు టెస్టర్, ఇన్సులేషన్ ఉన్న కటింగ్ ప్లయర్, స్టార్-ఫ్లాట్ స్క్రూడ్రైవర్ ఒక్కొక్కటి కొనండి. వాటి మీద మిగిలిన డబ్బుకు చిన్న స్విస్ నైఫ్.

కొత్తకాపురం
ట్యూబ్‌లెస్ టైరులో మేకు దిగితే లాగడానికి ప్లయర్ పనికొస్తుంది కదా?

బండి_పెట్టె
పంక్చర్ కిట్టు చేతిలో ఉంటేనే. కిట్టు లేకపోతే మేకును కదపొద్దు. చాలాసార్లు అదే రంధ్రాన్ని మూసి గాలిని పట్టి ఉంచుతుంది. గాలి కొట్టించుకుని మెల్లగా షాపు దాకా వెళ్లొచ్చు. లాగాల్సి వస్తే ప్లయర్ మొన చివరతో కాకుండా దవడల లోపలి పళ్లతో పట్టి, దిగిన దిశలోనే బయటికి లాగాలి. సన్నని మొనను పక్కకు మెలితిప్పితే అది విరుగుతుంది. ఇంకో పొరపాటు, వేవ్ కట్టర్లతో క్లచ్ వైరు కోయడం. అది గట్టి ఉక్కు పోగుల తాడు, అంచు గాటుపడుతుంది. వేవ్ ప్లస్‌లో ఆ కట్టర్లు విప్పి మార్చుకోవచ్చు, కానీ కోయకపోవడమే మంచిది. కుళాయి పెద్ద నట్లకు కూడా వద్దు. దవడలు సమాంతరంగా తెరుచుకోవు కాబట్టి నట్టు మూలలు గుండ్రమవుతాయి. దానికి స్క్రూ స్పానర్.

లీడ్స్_తెలుగు
బయటి దేశాల్లో ఉన్నవాళ్ల కోసం ఒక మాట. బ్రిటన్‌లో 3 అంగుళాలకు మించని, లాక్ కాని మడత కత్తిని కారణం చెప్పకుండానే జేబులో పెట్టుకోవచ్చు. క్లైంబర్, సూపర్ టింకర్ ఆ కోవలోకి వస్తాయి. వేవ్ బ్లేడు లాక్ అవుతుంది కాబట్టి సరైన కారణం లేకుండా దాన్ని వీధిలోకి తీసుకెళ్తే నేరం. లాక్ ఉంటే వేలికి భద్రత అని ఇక్కడ అందరూ కొనేది దాన్నే, చిక్కు కూడా అక్కడే. ఇండియాకు వచ్చిపోయేటప్పుడు ఏ కత్తినైనా చెకిన్ సామానులోనే పెట్టాలి, చేతి సంచిలో దొరికితే వదులుకోవాల్సిందే.

సానరాయి
ఏది కొన్నా కీళ్లు చూసుకోండి. టేపు కోసిన బ్లేడు మీది జిగురు కొద్దిగా కిరోసిన్ గుడ్డతో పోతుంది, తర్వాత సబ్బుతో కడగాలి. మామిడికాయ, నిమ్మకాయ కోశాక వెంటనే కడిగి ఆరబెట్టకపోతే స్టెయిన్‌లెస్ అయినా మచ్చలు వస్తాయి. విశాఖ, కాకినాడ వైపు ఉప్పుగాలికి ముందు తుప్పు పట్టేది కీలే. గోరువెచ్చని నీళ్లలో ముంచి పదిసార్లు తెరిచి మూసి, పూర్తిగా ఆరాక ప్రతి కీలుకూ ఒక చుక్క కుట్టుమిషను నూనె. పండ్లు కోసే బ్లేడయితే తిండికి పనికొచ్చే మినరల్ ఆయిల్. కొబ్బరినూనె వద్దు, 24 డిగ్రీల కిందికి వెళ్తే గడ్డకట్టి కీళ్లు మొరాయిస్తాయి. సాన పట్టేటప్పుడు రాతికి 15 నుంచి 20 డిగ్రీల కోణం, రెండువైపులా సమానంగా. వీధిలో తిరిగే సానచక్రానికి ఇవ్వకండి, నిప్పురవ్వలు రాలేంత వేడికి అంచు మెత్తబడుతుంది.

కొత్తకాపురం
అయితే సూపర్ టింకర్, టెస్టర్, కటింగ్ ప్లయర్, ఒక పొడుగు స్టార్ స్క్రూడ్రైవర్. కుళాయి జాలీకి కటింగ్ ప్లయర్ దవడ సరిపోతుందా?

వైరింగ్_పని
ఇంటి జాలీలు సాధారణంగా 20 మి.మీ. పైనే ఉంటాయి, కటింగ్ ప్లయర్ అంత తెరుచుకోవడం కష్టం. ముందు రబ్బరు గ్లవ్ వేసుకుని చేత్తో ప్రయత్నించండి. రాకపోతే వాటర్ పంప్ ప్లయర్ అడగండి, గుడ్డ చుట్టడం మరవకండి.