అప్‌డేట్: కనిగిరి వైపు మా ఊరి బోరు నీళ్ళు, ఫ్లోరైడ్ సంగతి

మా ఊరి బోరు నీళ్ళు కాచి తాగితే ఫ్లోరైడ్ పోతుందా అని ఆమధ్య అడిగాను. అమ్మకు మోకాళ్ళ నొప్పులు, అక్క కొడుకు పళ్ళ మీద గోధుమరంగు చారలు, ఫ్లోరైడ్ ఎక్కువైతే ఇలాంటివి వస్తాయంటారు, అదీ మా టెన్షన్. కాచొద్దన్న అందరికీ థాంక్స్. కాస్తే నీరు ఆవిరవుతుంది గానీ ఫ్లోరైడ్ గిన్నెలోనే ఉండిపోతుంది, ఇంకా చిక్కబడుతుంది.

నీళ్ళు ల్యాబుకి పంపాం. బోరులో లీటరుకు 2.8 మిల్లీగ్రాములు. మన దేశ ప్రమాణం 1, వేరే దారి లేకపోతే 1.5 దాకా ఒప్పుకుంటారు. వీధి చివర ఎవరూ పట్టించుకోని చేదబావిలో మాత్రం 0.9 వచ్చింది! కాకపోతే దాంట్లో సూక్ష్మక్రిములున్నాయి. బ్లీచింగ్ వేయించాం, ఆ నీళ్ళు మాత్రం కాచే తాగుతున్నాం.

పటిక, సున్నం వేసి నీళ్ళలో ఫ్లోరైడ్ తగ్గించే నల్గొండ పద్ధతి ఒకరు చెప్పారు. మంచిదే, కానీ పాళ్ళు సరిగ్గా కుదరాలి. రోజూ ఇంట్లో అమ్మతో అయ్యే పని కాదు. మామూలు క్యాండిల్ ఫిల్టర్ ఫ్లోరైడ్‌ని ఆపదట, కొనకుండా బతికిపోయాం.

డాక్టరు ఎక్స్‌రే చూసి, అమ్మ నొప్పుల్లో వయసు వాటా కూడా ఉందన్నారు. పిల్లాడి చారలు నీళ్ళు మారిస్తే పోవట. పాలు, రాగులు పెట్టమన్నారు. టీ తగ్గించమన్నారు, తేయాకులోనూ ఫ్లోరైడ్ ఉంటుందట. అమ్మకి కోపం వచ్చింది దీనికే.

అన్నం, పప్పు కూడా బావి నీళ్ళతోనే వండుతున్నాం. బోరు ఇప్పుడు గేదెలు కడగడానికి, అంట్లకి. గేదెలు తాగడానికి ఏ నీళ్ళు పెట్టాలో తెలిసినవాళ్ళు చెప్పండి.